పరిచయమున్న చెట్టు

మూడు రోజులు వరసగా సెలవులొస్తే చాలు, బెజవాడలో చాలా ఇళ్లకు అరకు గుర్తొస్తుంది. వంజంగి కొండ మీద నిలబడి తెల్లవారుజామున మేఘాలు చూడాలి, లంబసింగి చలిలో చేతులు కాచుకోవాలి, పాపికొండల నడుమ లాంచీలో కూర్చుని ఏమీ ఆలోచించకుండా నీళ్ల వంక చూస్తూ ఉండిపోవాలి. ఈ కోరికలన్నిటి వెనకా ఉన్నది ఒకటే, మనసు కాసేపు కుదుటపడాలని. ఎంతో న్యాయమైన కోరిక. పొద్దున లేచింది మొదలు ఫోను, ట్రాఫిక్, ఆఫీసు, పిల్లల పరీక్షలు, నెలనెలా కట్టాల్సిన వాయిదాలు. వీటి మధ్య నలిగే మనిషికి కొండగాలి కావాలనిపించడంలో ఆశ్చర్యమేముంది? వెళ్లి రావలసిందే.

నా దిగులంతా మిగతా రోజుల గురించి. ఏడాదిలో నాలుగు రోజులు కొండల మీద దొరికిన నెమ్మది, మిగిలిన మూడువందల అరవై రోజులకు చాలదు. తిరిగొచ్చిన మర్నాడు సాయంత్రానికే అది ఎక్కడికి పోయిందో తెలియదు. కొండ మంచిదే, అడవి మంచిదే, కానీ అవి మనల్ని ఎరగవు, మనమూ వాటిని ఎరగం. చుట్టపుచూపుగా వెళ్తాం, చుట్టపుచూపుగా వస్తాం. నేను ఇన్నేళ్లుగా గట్టిగా నమ్ముతున్న మాట ఒకటుంది. ప్రకృతిలో దొరికే శాంతికి అందం కన్నా పరిచయమే పెద్ద మూలం. ఆ పరిచయం రోజూ ఎదురుపడేవాళ్లతోనే పెరుగుతుంది, మనుషులతోనైనా, చెట్లతోనైనా.

తెనాలి దగ్గర తుమ్మపూడిలో సంజీవదేవ్ ఉండేవారు. చిత్రకారుడు, రచయిత. 1914లో పుట్టి 1999లో వెళ్లిపోయారు. యౌవనంలో హిమాలయాల్లో తిరిగారు, కులూ లోయలో రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్‌ను కలిసి ఆ కుటుంబంతో స్నేహం చేశారు. ఎక్కడెక్కడి కళాకారులో, పండితులో ఆయనకు ఉత్తరాలు రాసేవారు. అంత తిరిగిన మనిషి చివరికి స్థిరపడింది తన ఊళ్లోనే. డెల్టాలో శిఖరాలుండవు, లోయలుండవు. బల్లపరుపు నేల, పంట కాలువలు, వరిచేలు, గట్ల మీద తాటిచెట్లు, పైన అడ్డంలేని ఆకాశం, అంతే. మంచుకొండలను చూసిన కళ్లకు ఆ మబ్బులూ, ఆ పొలాలూ చిన్నవిగా కనబడలేదు. సొంత ఊళ్లోనే ఉంటూ ప్రపంచమంతటి సౌందర్యం గురించి రాయవచ్చని చూపించిన మనిషి మనకు ఇంత దగ్గరలో బతికాడన్న సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ధైర్యంగా ఉంటుంది.

మా వీధిలో ఒక కానుగ ఉంది. ఎవరు నాటారో ఎవరికీ గుర్తులేదు. దాని కింద ఇస్త్రీ బండి ఉంటుంది, పక్కన ఆటోలు ఆగుతాయి, మధ్యాహ్నం కూరగాయలమ్మే ఆవిడ బండి నిలిపి అక్కడే అన్నం తింటుంది. కానుగకు మామిడికున్నంత పేరు లేదు, రావికున్నంత పూజ లేదు. ఎండకు తట్టుకుంటుంది, మేకలు పెద్దగా ముట్టవు, నీడ చిక్కగా ఇస్తుంది. అందుకే రోడ్ల పక్కన నాటుతారు. పూర్వం పల్లెల్లో దీని రొట్ట నరికి దమ్ముచేసిన మడిలో తొక్కేవారు. చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు గనుక వేళ్ల బొడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి దానికి అందిస్తాయి. ఆ సారమంతా ఆకుల్లోంచి మళ్లీ పొలానికి చేరేది. గింజల నూనె దీపాలకు పనికొచ్చేది, పుల్ల పళ్లు తోముకోవడానికి. ఇవన్నీ మా తాతల కాలం సంగతులు. ఇప్పుడు దాన్ని అడిగేది నీడ ఒక్కటే.

ఆ చెట్టును నేను సంవత్సరాల తరబడి గమనిస్తున్నాను. శివరాత్రి వచ్చేసరికి ఆకు పసుపు తిరిగి రాలుతుంది. చెట్టు బోసిపోయి ఉండేది కొద్ది రోజులే. చూస్తుండగానే కొసల్లో లేతాకు తొడుగుతుంది, నూనె రాసినట్టు మెరుస్తూ, కాస్త రాగిరంగు కలిసిన పచ్చదనంతో. ఉగాది దాటాక పూత. తెలుపు, గులాబీ, లేత ఊదా కలగలిసిన చిన్నచిన్న పూలు గుత్తులు గుత్తులుగా. తల ఎత్తి చూస్తే ఆకుల చాటున అంతగా కనిపించవు. కిందికి చూస్తే తెలుస్తుంది, నేలంతా పూలే. పొద్దున్నే వీధి ఊడ్చేవాళ్లు కుప్పలుగా పోస్తారు, సాయంత్రానికి మళ్లీ అంతా రాలి ఉంటుంది. ఆ రోజుల్లో చెట్టుకింద నిలబడితే పైన తేనెటీగల రొద వినిపిస్తుంది. ఆటోలు ఆగిన క్షణంలో మాత్రమే వినిపించేంత సన్నటి రొద. తరవాత బల్లపరుపుగా కాయలు దిగుతాయి. అవి పండి ఎండడానికి దాదాపు ఏడాది పడుతుంది. అంటే ఈ ఏటి పూత వచ్చేనాటికి, నిరుటి కాయలు కొమ్మల్లో ఇంకా మిగిలి ఉంటాయి. నిరుడూ ఈ ఏడూ ఒకే కొమ్మ మీద! ఈ సంగతి తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఏ జలపాతం దగ్గరా కలగలేదని నిజంగా చెప్పగలను.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండలకు కానుగ నీడ అన్నిటికన్నా దట్టంగా ఉంటుంది. మనకు అక్కర పడినప్పుడే అది నిండుగా ఉంటుంది.

ఇదంతా తెలిసినందువల్ల మనిషికి ఏమొచ్చింది? నాకు వచ్చింది చెబుతాను. మనసు చికాకుగా ఉండి ఇంట్లోంచి విసురుగా బయటికి వస్తాను. కన్ను దానంతటదే చెట్టు మీదికి పోతుంది, కాయ రంగు తిరిగిందా, కొత్త చిగురు పడిందా అని. అరనిమిషం పాటు నా గొడవ నాలో ఉండదు. గొడవ తీరలేదు, తీరదు కూడా. కానీ అరనిమిషం దాని పట్టు సడలింది. రోజుకు నాలుగుసార్లు అలా సడలితే మనిషి బతుకు వేరేగా ఉంటుంది. అరకులో ఇది జరగదు. అక్కడ ఏ చెట్టు నిన్న ఎలా ఉందో మనకు తెలియదు కదా, ఇవాళ ఏం మారిందో ఎలా కనిపెట్టగలం?

మిషిగన్ విశ్వవిద్యాలయంలో రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ అనే మనస్తత్వశాస్త్రజ్ఞులైన దంపతులు ఈ విషయం మీదే చాలా ఏళ్లు పని చేసి 1989లో ఒక పుస్తకం వేశారు. వాళ్ల ఆలోచన స్థూలంగా ఇది. లెక్కలు చూడటం, బండి నడపటం, ఎదుటివాడి మాట జాగ్రత్తగా వినటం, వీటికి మనం బలవంతాన మనసు పెడతాం. అలా పెట్టిపెట్టి ఆ శక్తి అలసిపోతుంది, చిన్నదానికే విసుగొస్తుంది. ఆకులు కదలడం, మబ్బు సాగడం, నీటిమీద వెలుగు ఆడటం మాత్రం మనసును మెల్లగా తమ వైపు తీసుకుంటాయి, శ్రమ పెట్టవు. ఆ కాసేపట్లో అలసిన శక్తి తేరుకుంటుంది. దీనికి పెద్ద అడవే కావాలని వాళ్లు అనలేదు. కిటికీలోంచి కనిపించే చెట్లకు కూడా ఆ విలువ ఉందని వాళ్ల పరిశీలనల్లో తేలింది.

కిటికీ అంటే అమ్మ గుర్తొస్తుంది. స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముకకు ఆపరేషన్ అయ్యాక ఆవిడ చాలాకాలం మంచం మీదే ఉంది. గదిలో ఫ్యాను కిందికి వస్తుందని మంచం గోడవైపుకు వేశాం. కొద్దిరోజులకే అంది, "మంచం అటు తిప్పండిరా. ఈ గోడను చూడలేకపోతున్నాను." తిప్పాం. కిటికీలోంచి కానుగ కొమ్మలు కనిపిస్తాయి. అప్పట్నుంచీ నేను సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఆవిడ దగ్గర కబుర్లు సిద్ధంగా ఉండేవి. ఉడుత తన పిల్లను నోట కరుచుకుని పైకొమ్మకు మార్చిందట. కాకి గూటికి పుల్లలు చాలక ఎక్కడిదో ఇనుపతీగ పట్టుకొచ్చిందట. ఒకరోజు అడిగింది, ఒంటినిండా తెల్లచుక్కలున్న గోధుమరంగు పిట్ట ఒకటి కాకిగూడు చుట్టూ తచ్చాడుతోంది, అదేమిట్రా అని. అది కోయిల అన్నాను.

"కోయిలంటే నల్లగా ఉంటుంది కదరా."

"నల్లగా ఉండేది మగదమ్మా. కూసేదీ అదే. ఇది ఆడది, గుడ్డు పెట్టడానికి వచ్చింది."

అమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. "ఇన్నేళ్లూ పాటే విన్నాను గానీ దాన్ని చూడలేదన్నమాట" అంది తరవాత. ఆ వేసవంతా ఆ గూడే ఆవిడ లోకం. నొప్పి లేదని కాదు. నొప్పి గురించి తప్ప మాట్లాడటానికి ఇంకొకటి దొరికింది.

కిటికీలోని చెట్టు రోగికి చేసే మేలును లెక్కకట్టి చూసినవాడూ ఉన్నాడు. రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు 1984లో 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం ప్రచురించాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయం ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల రికార్డులు తీసి, వయసూ తదితర విషయాలు సరిపోయేలా జతలు కట్టాడు. 23 మంది పడుకున్న గదుల కిటికీల్లోంచి చెట్లు కనిపించేవి, 23 మందికి ఇటుకగోడ కనిపించేది. చెట్లు కనబడినవాళ్లు సగటున ముప్పావు రోజు ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పిమందులు తక్కువ తీసుకున్నారు, వాళ్ల గురించి నర్సులు రాసిన ఫిర్యాదులూ తక్కువే. ఆస్పత్రి అదే, ఆపరేషన్ అదే. చిన్న పరిశీలనే, కానీ ఆస్పత్రుల భవనాలు కట్టేవాళ్లు ఇప్పటికీ దాన్ని తలుచుకుంటారు. మా అమ్మ దాన్ని చదవలేదు. గోడ వద్దు, చెట్టు కావాలని ఒంటికే తెలిసింది.

మా ఇంటిముందు చెట్టు లేదే, మేము అపార్ట్‌మెంట్లో ఆరో అంతస్తులో ఉంటామే అని ఎవరైనా అనవచ్చు. చెట్టే అక్కర్లేదు. బెజవాడ వాళ్లకు కాలువలున్నాయి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడుమనుంచే పోతాయి. 1855లో కృష్ణ మీద ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా పొలాలకు వెళ్లే నీరు మన వాకిళ్ల ముందునుంచే వెళ్తోంది. వేసవిలో సాగునీరు ఆపుతారు, కాలువ అడుగు బయటపడుతుంది, అందులో మనం వేసిన చెత్తంతా కనిపిస్తుంది. అది చూసి సిగ్గుపడాలి. సార్వాకు నీళ్లు వదిలిన రోజు ఎర్రటి కొత్తనీరు ముందు నురగతో, చెత్తతో వస్తుంది, నాలుగు రోజులకు నిండుగా, నెమ్మదిగా సాగుతుంది. గట్టుపక్క తీగ మీద లకుముకిపిట్ట వాలుతుంది. గోధుమరంగు తల, తెల్లటి రొమ్ము, రెక్క విప్పగానే కళ్లు చెదిరే నీలం. బ్యాంకుకు వెళ్తూ వంతెన మీద ఒక్క నిమిషం ఆగితే ఇవన్నీ కనిపిస్తాయి. కట్టని ఖాళీ స్థలాలున్నచోట ఇంకొక భాగ్యం ఉంది. తొలకరి పడ్డాక ఆరుద్ర కార్తె రోజుల్లో తడిమట్టి మీద ఎర్రటి మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు తిరుగుతాయి. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. అరచేతిలో పెట్టుకుంటే కాళ్లు ముడుచుకుని బొట్టుబిళ్లలా అయిపోయి, కాసేపటికి మళ్లీ నడక మొదలుపెడతాయి.

తీరిక లేదనేవాళ్లకూ ఒక ఊరట ఉంది. ఇంగ్లండులో దాదాపు 20,000 మంది సమాధానాల మీద చేసిన పరిశీలన ఒకటి 2019లో వచ్చింది. వారానికి రెండు గంటలైనా పచ్చదనం మధ్య గడిపేవాళ్లలో ఆరోగ్యం బాగుందని, తృప్తిగా ఉన్నామని చెప్పినవాళ్లు ఎక్కువ. ఆ రెండు గంటలూ ఒక్కసారే గడిపినా, ముక్కలు ముక్కలుగా గడిపినా తేడా కనబడలేదు. ఊళ్లో పార్కులు కూడా ఆ లెక్కలోకి వచ్చాయి. ఇంగ్లండు లెక్క మనకు అచ్చంగా సరిపోతుందని అనను. ముక్కలుగానైనా చాలునన్న మాట మాత్రం నా అనుభవంతో కలుస్తోంది.

పరిచయం అంటే మంచి రోజుల్లో పలకరించుకోవడమే అయితే అది సగం పరిచయమే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు ఊళ్లోకి వచ్చింది. మైలవరం కొండల వాననీటిని మోసుకొచ్చి కొల్లేరులో కలిసే వాగు అది. ఎప్పట్నుంచో దాన్ని బెజవాడ దుఃఖదాయని అని పిలుస్తూనే ఉన్నారు. పేరు మిగిలింది, దాని దారి మాత్రం జనం మరిచారు. వాగు పారాల్సిన చోట ఇళ్లు లేచాయి, వీధులు వెలిశాయి. ఆ రోజుల్లోనే ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటి ప్రవహించింది. సింగ్‌నగర్ వైపు ఇళ్లలో మనుషులు డాబాల మీదికెక్కి పాలపొట్లం కోసం, తాగునీటి కోసం ఎదురుచూశారు. ఆ ఇళ్లలో మాకు తెలిసినవాళ్లున్నారు. ఇప్పటికీ మబ్బు పడితే సామాన్లు పైకెక్కిస్తారు. వాళ్ల ముందు నిలబడి నీటిలో ఉన్న ప్రశాంతత గురించి చెప్పే సాహసం నాకు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. దగ్గరి ప్రకృతిని ఎరిగి ఉండటం మనసుకు నెమ్మదినిచ్చే పని ఒక్కటే కాదు, అది మన బతుకుకు రక్షణ కూడా. వాగు ఎటునుంచి వచ్చి ఎటు పోతుందో ఊళ్లో ప్రతి పిల్లవాడికీ తెలిసి ఉంటే, దాని దారిలో ఇల్లు కొనడానికి ఎవరూ సాహసించేవారు కారు, అమ్మడానికి ఎవరికీ నోరు వచ్చేది కాదు.

మన పెద్దలు ఈ ఎరుకను పండగల్లో పెట్టారు. వినాయకచవితి పత్రి తీసుకోండి. మాచీపత్రం, వాకుడు, మారేడు, గరిక, ఉమ్మెత్త, రేగు, ఉత్తరేణి, గన్నేరు, వావిలి, జమ్మి, రావి, మద్ది, జిల్లేడు, ఇలా 21 రకాల ఆకులు. వీటిలో చాలావాటిని ఎవరూ పనిగట్టుకుని పెంచరు. గరిక కాళ్లకింద ఉంటుంది, ఉత్తరేణి కంచెపక్కన బట్టలకు అంటుకుంటుంది, జిల్లేడు, ఉమ్మెత్త రోడ్డువారన మొలుస్తాయి. చవితి ముందురోజు పిల్లల్ని సంచులిచ్చి పంపేవారు. ఏది ఉమ్మెత్తో, ఏది వావిలో తెలియకపోతే దారిలో ఎవరో ఒక పెద్దావిడ ఆపి చెప్పేది. ఏడాదికొకసారి ఆ చుట్టుపక్కల ఏమేం మొలుస్తోందో ఊరు ఊరంతా చూసుకునేది. తెలంగాణ బతుకమ్మ కూడా అంతే. తంగేడు, గునుగు, కట్ల, ఇవి ఊరిచివర, చేల గట్ల మీద, బీళ్లలో పూసే పూలు. వాటినే తెచ్చి దేవతగా పేర్చుకుంటారు. ఇప్పుడు పత్రి బజార్లో పొట్లం కట్టి అమ్ముతున్నారు. అమ్మేవాళ్లది తప్పని నేననను, అది వాళ్ల బతుకుతెరువు. పొట్లంలో ఉన్నవాటిలో ఏది ఏమిటో పూజ చేసేవాళ్లకు తెలియకపోవడమే నాకు బాధ. ఈసారి చవితికి పిల్లలతో కలిసి కనీసం ఐదు ఆకులైనా మీ వీధుల్లోనే వెతికి తెచ్చుకోండి. ఉత్తరేణి ఒక్కసారి గుర్తుపట్టిన పిల్లవాడు దాన్ని జన్మలో మరవడు.

పరిచయమన్నాక మనవైపు నుంచి కూడా ఏదో ఉండాలి. కానుగ మనకింత చేస్తోంది, దానికి మనమేం చేస్తున్నాం? వీధుల్లో సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా మాను మొదలుదాకా కాంక్రీటు పోసేస్తారు. వానచుక్క లోపలికి దిగదు, వేళ్లకు గాలాడదు, మాను లావెక్కడానికి చోటుండదు. అలా గొంతు బిగిసిన చెట్టు గాలివానకు కూలితే చెట్టునే తిడతాం. ఢిల్లీలో చెట్ల చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది. మనకు 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. దాని ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టడం నేరం. చట్టాలు ఉండటం మంచిదే. అయితే మీ వీధిలో కాంక్రీటు పోసేరోజు అక్కడుండేది మీరే, చట్టం కాదు. మేస్త్రీతో మాట్లాడితే వింటారు. మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన అడ్డుపడి అడిగితే, మాను చుట్టూ జానెడు జాగా వదిలారు. జానెడు చాలదు, అయినా ఆ మట్టిలోకి వాననీరు దిగుతోంది.

మీ వీధిలో ఏ చెట్టుందో రేపు పొద్దున ఒకసారి చూడండి. దాని పేరు తెలియకపోతే తెలిసినవాళ్లను అడగండి. మొదలు చుట్టూ కాంక్రీటు ఉంటే, నలుగురూ కలిసి ఒక మీటరు మేర పగలగొట్టించి మట్టి కనబడేలా చేయండి. బియ్యం కడిగిన నీళ్లు సింకులో పారబోయకుండా అక్కడ పోయండి. వేసవికి ఇంకా సమయం ఉండగానే ఈ పని మొదలుపెట్టండి.